పోత చెప్పేది, పంచ్ చెప్పేది: పాత షెవర్లే ఇంజన్ నంబర్లు చదవడం

(డెట్రాయిట్ దగ్గర పాత కార్లంటే ఇష్టమున్న తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి. ఇవాళ మాట్లాడుకునేదంతా ఈ స్టాండు మీద బిగించిన ఇనుప బ్లాకు మీదే రాసి ఉంది. దూరం నుంచి కనపడదు.

ఇది షెవర్లే స్మాల్ బ్లాక్ వి8. ఒక పికప్ ట్రక్కులోంచి తీసిన మామూలు 350, అంటే 350 ఘనపుటంగుళాల ఇంజన్. ఈ వంశం 1955 మోడల్ కార్లతో మొదలైంది. ఎడ్ కోల్ ఆధ్వర్యంలో షెవర్లే ఇంజనీర్లు తయారుచేసిన మొదటి ఇంజన్ 265 ఘనపుటంగుళాలు. 1957కి 283 వచ్చింది, 1962కి 327, 1967లో కమారో అనే కారుతో పాటు 350. ఇన్ని సైజులు మారినా బయటి రూపం దాదాపు అదే. 1965 నాటి కారులో 1975 నాటి ఇంజన్ దించినా పెద్ద పేచీ లేకుండా కూర్చుంటుంది. నారింజ రంగు కొట్టి, పాత స్టిక్కర్లు అంటించి బానెట్ మూస్తే ఎవరికీ అనుమానం రాదు. మెకానిక్కులకు ఈ ఇంజనంటే ఎందుకంత ప్రేమో, కొనేవాడు ఎందుకంత జాగ్రత్తగా ఉండాలో, రెండింటికీ కారణం అదే.

అమ్మకం ప్రకటనల్లో 'నంబర్స్ మ్యాచింగ్' అనే మాట చూస్తుంటారు. ఆ మాటను ఎవరికి అనుకూలమైన అర్థంలో వాళ్లు వాడతారు. కొందరు అమ్మకందార్ల లెక్కలో, ఆ సంవత్సరం ఆ మోడల్‌కి వాడిన పోత నంబరే ఈ బ్లాకు మీద కూడా ఉంటే చాలు. నా దృష్టిలో దానికి ఒకటే అర్థం: ఫ్యాక్టరీలో ఏ ఇంజన్‌ని ఈ కారులో దించారో సరిగ్గా అదే ఇంజన్ ఇవాళ్టికీ ఇందులో ఉండాలి. మొదటి అర్థంలో చెప్పినదాన్ని రెండో అర్థంలో విని డబ్బు కట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. కమారోల్లో రేసుల కోసం చేసిన జడ్/28 లాంటి కారులో ఆ తేడా విలువ మామూలు కారు ఒకటి కొనుక్కునేంత ఉంటుంది.

మన దగ్గర ఈ సంగతి కొంత తేలిక. ఇండియాలో ఆర్‌సీ మీద చాసిస్ నంబరుతో పాటు ఇంజన్ నంబరు కూడా ఉంటుంది. ఇంజన్ మారిస్తే ఆర్‌టీఏకి వెళ్లి రాయించుకోవాలి. ఫైనాన్సు వాళ్లకో ఇన్సూరెన్సు వాళ్లకో కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది చాసిస్ ప్రింట్ తీసిచ్చిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. అమెరికాలో టైటిల్ మీద, అంటే యాజమాన్య పత్రం మీద, సాధారణంగా విన్ అనే వాహన గుర్తింపు నంబరు ఒక్కటే ఉంటుంది, ఇంజన్ ఊసే ఉండదు. కాబట్టి ఈ ఇంజన్ ఈ కారుదేనా అని ప్రభుత్వ కాగితాన్ని అడిగి లాభం లేదు, ఇనుమునే అడగాలి.

ఇనుము మీద రెండు రకాల రాతలుంటాయి. మొదటిది పోతలో వచ్చినది. ఇసుక అచ్చు తయారుచేసే నమూనా మీదే అంకెలు బిగిస్తారు, కరిగిన ఇనుము పోస్తే ఆ అంకెలు ఉబ్బెత్తుగా పైకి తేలి వస్తాయి. ఫౌండ్రీలో పుట్టిన రాత ఇది. రెండోది పంచ్‌తో గుద్దినది, లోపలికి దిగి ఉంటుంది. బ్లాకు ఫౌండ్రీ దాటి ఇంజన్ ప్లాంటుకి వచ్చి, మెషినింగ్ అయ్యి, క్రాంక్, పిస్టన్లు, హెడ్లు బిగిశాక గుద్దే రాత. ఈ రెంటి మధ్యా తేడా మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుంది. పోత నంబరుకి తెలిసింది అచ్చు గురించే. ఆ అచ్చులోంచి వచ్చిన ముక్కని తరవాత ఏ ఇంజన్‌గా బిగించారన్నది దానికి తెలియదు.

ఇక్కడికి రండి. ఇది బ్లాకు వెనక భాగం, గేర్ బాక్స్ బెల్ హౌసింగ్ బిగించే అంచు. డ్రైవరు వైపు, అంటే ఇక్కడి లెక్కన ఎడమ వైపు, పైన ఏడంకెలు ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి చూడండి: 3970010. పాత షెవర్లే కార్లతో కాస్త పరిచయం ఉన్న ఎవరికైనా ఈ నంబరు నోటికి వచ్చి ఉంటుంది, ఎందుకంటే 1969 నుంచి 1979 దాకా లెక్కలేనన్ని బ్లాకులు ఈ నంబరుతోనే పోశారు. మామూలు కార్లలో ఉంది, కార్వెట్ అనే స్పోర్ట్స్ కారులో ఉంది, ట్రక్కుల్లో ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ 010 బ్లాకు ఎన్ని ఘనపుటంగుళాలది? ఎక్కువగా 350. కానీ 1969లో ఇదే బ్లాకుతో 302 కూడా చేశారు, ట్రక్కులకి 327 కూడా చేశారు. ఎలాగంటారా? ఈ మూడింటికీ బోరు, అంటే సిలిండరు అడ్డకొలత, 4 అంగుళాలే. మారేది క్రాంక్ ఒక్కటే. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 3.48 అంగుళాలు పెడితే 350, 3.25 పెడితే 327, 3.00 పెడితే 302. కాగితం మీద వేసుకుని చూడండి: నాలుగు అంగుళాల వృత్తం వైశాల్యం సుమారు 12.57 చదరపుటంగుళాలు, దాన్ని స్ట్రోకుతో హెచ్చవేసి ఎనిమిది సిలిండర్లకు లెక్క కడితే ఆ అంకెలే వస్తాయి. బ్లాకుని బయటి నుంచి ఎంతసేపు చూసినా లోపల ఏ క్రాంక్ తిరుగుతోందో తెలియదు.

ఈ 302 ఎందుకు పుట్టిందో ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే మోసాలన్నీ దాని చుట్టూనే. అమెరికాలో ట్రాన్స్-యామ్ అనే కార్ల రేసుల్లో ఇంజన్ సైజు 5 లీటర్లు, అంటే 305 ఘనపుటంగుళాలు దాటకూడదని నిబంధన. చేతిలో ఉన్న 327 పెద్దదైపోతుంది, 283 చిన్నదైపోతుంది. అందుకని 327 బోరుకి 283 స్ట్రోకు కలిపి 302 చేశారు. దాన్ని కమారోలో పెట్టి జడ్/28 అన్నారు. 1967లో చేసినవి 602 కార్లు. 1968లో 7,199. 1969లో 20,302. కాగితం మీద దాని శక్తి 290 హార్స్‌పవర్. 1967, 68 ఇంజన్ల మీద 'ఎంఓ' అనే కోడు ఎక్కువగా కనిపిస్తుంది, 1969కి అది 'డీజడ్' అయింది. ఈ డీజడ్ అనే రెండక్షరాల కోసం మనుషులు ఏమేం చేశారో కాసేపట్లో చెబుతాను.

010 గురించి ఇంకొకటి. 'ఇది ఫోర్ బోల్ట్ బ్లాకండీ, నంబరు చూడండి' అని అమ్మేవాళ్లు చెబుతుంటారు. క్రాంక్ బేరింగుల మూతల్ని రెండేసి బోల్టులతో పట్టి ఉంచారా, మధ్యలో మూడింటికి నాలుగేసి బోల్టులు వేశారా అన్నది ఈ నంబరులో లేదు. రెండు రకాలూ ఇదే నంబరుతో వచ్చాయి. ఆయిల్ సంపు దించి చూసినవాడికే తెలుస్తుంది. సంపు దించారంటే ఎటూ క్రాంక్ కూడా కనిపిస్తుంది కదా, దాని మీద పోత గీత చూడండి. అచ్చు రెండు భాగాలు కలిసిన చోట గీత సన్నగా ఉంటే పోత క్రాంక్, వెడల్పుగా అరిగించినట్టు ఉంటే సుత్తి దెబ్బతో మలిచిన ఫోర్జింగ్. 302లో వేసింది ఫోర్జింగే. సంపు విప్పనివ్వనన్న అమ్మకందారు చెప్పే ఫోర్ బోల్ట్ మాటకి నేనైతే ఒక్క డాలరు కూడా అదనంగా ఇవ్వను.

ఇప్పుడు ఇదే అంచు కుడి వైపుకి రండి. ఇక్కడొక చిన్న రాత ఉంది, ఇది పోత పోసిన తేదీ. ముందు ఒక అక్షరం, అది నెల. 'ఏ' జనవరి, 'బి' ఫిబ్రవరి, అలా 'ఎల్' దాకా పన్నెండు. తరవాత తేదీ. చివర సంవత్సరం. సాగినా ఫౌండ్రీలో పోసిన బ్లాకుల మీద సంవత్సరానికి సాధారణంగా ఒక్క అంకే ఉంటుంది, న్యూయార్క్ రాష్ట్రం టోనావాండాలో పోసినవాటి మీద రెండంకెలు కనిపిస్తాయి. 'జీ 8 9' అని ఉంటే జులై 8, సంవత్సరం తొమ్మిదితో ముగిసేది.

తొమ్మిదితో ముగిసేది అన్నాను, 1969 అనలేదు. ఎందుకో గమనించారా? 010 బ్లాకు 1969లోనూ ఉంది, 1979లోనూ ఉంది. ఈ రాత ఒక్కటే చూస్తే అది జడ్/28 నాటి బ్లాకో, పదేళ్ల తరవాత ఏ మామూలు బండికో పోసిన బ్లాకో చెప్పలేం. పోత నంబరు సరిపోయింది, తేదీ కూడా సరిపోయింది, కానీ బ్లాకు పదేళ్లు చిన్నది! ఇలాంటివి తెలిసి అమ్మేవాళ్లున్నారు, తెలియక అమ్మేవాళ్లూ ఉన్నారు. కొనేవాడికి మాత్రం నష్టం ఒకటే.

దీన్ని విడదీసేది ముందు వైపున్న ప్యాడ్. బ్లాకు ముందుకి రండి. కుడి వైపు హెడ్డు ఎక్కడ అయిపోతోందో, దాని ముందు చిన్న చదునైన జాగా ఉంది కదా, వాటర్ పంపు పక్కన. కారులో ఉన్నప్పుడు బ్రాకెట్లు, గొట్టాలు అడ్డం ఉంటాయి, జిడ్డు పేరుకుపోయి ఉంటుంది. చాలామంది ఇక్కడ ఏమీ లేదనుకుంటారు. ఇంజన్ ప్లాంటులో పంచ్ కొట్టేది ఇక్కడే.

మొదట ప్లాంటు అక్షరం. 'ఎఫ్' గానీ 'వి' గానీ ఉంటే ఫ్లింట్, ఇక్కడికి గంట ప్రయాణం. 'టి' టోనావాండా. 'కె' అయితే కెనడాలో సెయింట్ క్యాథరీన్స్. తరవాత నాలుగంకెలు నెల, తేదీ. 0716 అంటే జులై 16, ఇంజన్ బిగించిన రోజు. ఇక్కడ సంవత్సరం ఉండదు, గుర్తుపెట్టుకోండి. ఆ తరవాత వచ్చేవి సఫిక్స్ అక్షరాలు. ఇంజన్ సైజు, దాని శక్తి, మాన్యువల్ గేరా ఆటోమేటికా, ఏ రకం కారుకి అన్నదంతా ఆ అక్షరాల్లో ఇరికించారు. 'వి0716డీజడ్' అని ఉంటే, ఫ్లింట్‌లో జులై 16న కమారో జడ్/28 కోసం బిగించిన 302. ఆ అక్షరాలని సంవత్సరంతో కలిపే చదవాలి, ఎందుకంటే ఒక ఏడాది వాడిన జంటని మరో ఏడాది వేరే ఇంజన్‌కి మళ్లీ వాడారు.

1969 మోడల్ దాకా ఈ సఫిక్స్ సాధారణంగా రెండక్షరాలు. 1970 మోడల్ నుంచి మూడక్షరాలు. ఇందాకటి చిక్కుముడి విడిపోయేది ఇక్కడే: పోత తేదీ చివర తొమ్మిది ఉన్న 010 బ్లాకు ప్యాడ్ మీద రెండక్షరాలుంటే అది 1969ది. మూడుంటే 1979ది కావచ్చు, లేదా 1970 మోడల్ కోసం 1969 చివర్లో పోసినదీ కావచ్చు, ఏదైనా 1969 మోడల్‌ది మాత్రం కాదు. ప్యాడ్ ఎవరూ ముట్టుకోకుండా ఉంటేనే సుమా.

ఇప్పటిదాకా చదివిన రాతల్లో ఈ ఇంజన్ ఫలానా కారుదని ఏదీ చెప్పలేదు. ఆ పని చేసేది విన్ ముక్క. కార్వెట్‌లో ముందు నుంచే ఉండేది, దొంగతనాల బెడద వల్ల 1968 నుంచి మిగతా షెవర్లే కార్లలోనూ గుద్దారు. ప్యాడ్ మీదే సఫిక్స్ పక్కన ఉండొచ్చు, లేదా కింద ఆయిల్ ఫిల్టర్ దగ్గర ఉండొచ్చు. 1969 కమారో అయితే '19ఎన్' అని మొదలై ఆరంకెలుంటాయి. 1 షెవర్లే విభాగం, 9 మోడల్ సంవత్సరం, 'ఎన్' ఒహాయోలో నార్వుడ్ ప్లాంటు. కాలిఫోర్నియాలో వాన్ నైస్‌లో తయారైనదైతే 'ఎల్'. ఆరంకెలు ఆ కారు వరుస సంఖ్య, ఆ ఏడాది కమారోకి 500001తో మొదలైంది. డాష్‌బోర్డు మీద అద్దం లోంచి కనిపించే విన్ చివరి భాగంతో దీన్ని ఒక్కో అంకె చొప్పున సరిపోల్చుకోవాలి.

ఈ ముక్కని గుద్దింది ఇంజన్ ప్లాంటు కాదు, కారు ప్లాంటు. ఏ కారులో దిగబోతోందో ఫ్లింట్‌లో ఉన్నవాళ్లకి ఎలా తెలుస్తుంది? అందుకని సఫిక్స్ రాత ఒక చేతిది, విన్ రాత ఇంకో ఊళ్లో ఇంకో చేతిది. అక్షరాల సైజు కలవదు, లోతు కలవదు, వరస కలవదు, ఒకటి కాస్త వంకరగా కూడా ఉండొచ్చు. ప్యాడ్ మీద రెండు రాతలూ ఒకే పంచ్ సెట్టుతో, ఒకే లోతున, గీత గీసినట్టు ముచ్చటగా కనిపించాయంటే నాకు భయం వేస్తుంది.

ఇక తేదీల వరస. పోత ముందు, ఇంజన్ బిగింపు తరవాత, కారు తయారీ ఆ తరవాత. ఫైర్‌వాల్ మీద, అంటే ఇంజన్‌కీ కూర్చునే చోటుకీ మధ్యనున్న గోడ మీద, బాడీ ప్లేటు ఉంటుంది, 1969 కమారోలో దాని మీద '07డి' అని ఉంటే జులై నాలుగో వారం. జులై 8 పోత, 16 బిగింపు, నాలుగో వారం కారు: నమ్మదగిన వరస. వాటి మధ్య కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల ఎడం మామూలే. ఎక్కువ నెలలు ఉంటే ఎందుకని అడగాలి. తిరగబడితే మాత్రం అడగాల్సింది కూడా లేదు. బ్లాకు ఆగస్టులో పోసి, ప్యాడ్ మీద జులై తేదీ ఉందంటే బిడ్డ పుట్టకముందే బారసాల చేసినట్టు. నకిలీ చేసేవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. పంచ్ సెట్టు ఎవరైనా కొనుక్కోవచ్చు, పోతలో ఉబ్బి వచ్చిన తేదీని మార్చడం అంత సులువు కాదు.

అంత సులువు కాదన్నాను గానీ, అదీ చేస్తారు. ఉబ్బెత్తు అంకెని అరగదీసి ఇంకో అంకె అతికిస్తారు. చుట్టూ ఇసుక గరుకుతనం ఉన్న చోట ఒక్క అంకె కింద నున్నగా ఉంటే వేలితో తడిమినా తెలుస్తుంది.

ప్యాడ్ సంగతికి వద్దాం. ప్యాడ్ అనేది వేరే ముక్క కాదు, హెడ్డు కూర్చునే డెక్ ఉపరితలంలో బయటికి పొడుచుకొచ్చిన భాగమే. ఫ్యాక్టరీలో ఆ డెక్‌ని బ్రోచ్ అనే పెద్ద పనిముట్టుతో ఒక్క ఊపులో కోసేవాళ్లు. దాంతో ముందు నుంచి వెనక్కి, క్రాంక్‌కి సమాంతరంగా, సన్నని గీతలు పడేవి. టార్చి లైటు పక్కవాటుగా పట్టుకుంటే ఆ గీతలు కనిపిస్తాయి. ఇదిగో, ఈ బ్లాకు మీద ఇంకా ఉన్నాయి, చూడండి. రాత ఆ గీతల్ని చీల్చుకుంటూ దిగాలి, ఎందుకంటే గీతలు ముందు పడ్డాయి, పంచ్ తరవాత పడింది.

ఇంజన్ ఓవర్‌హాల్ చేసినప్పుడు బ్లాకు ఫేసింగ్ కొట్టిస్తారు కదా, డెక్ చదును చేయడానికి. అప్పుడు ప్యాడ్ కూడా కోతలో పోతుంది, రాతంతా చెరిగిపోతుంది. మెషిన్ షాపుల్లో తిరిగే కట్టర్ వల్ల గీతలు అర్ధచంద్రాకారంగా పడతాయి. అంటే రాత లేని ప్యాడ్ మీద వంపు గీతలుంటే ఎవరూ మోసం చేయలేదు, పని చేయించారంతే. అదే వంపు గీతల మీద డీజడ్ అని పదునుగా రాసి ఉంటే, ఫేసింగ్ తరవాత ఎవరో గుద్దారు. ఇది తెలిసినవాళ్లు ఇసుక కాగితంతో నిలువు గీతలు గీస్తారు. ఆ గీతలు మరీ ఒకే తీరుగా ఉంటాయి, ఒక్కోసారి అక్షరాల గుంతల్లోకి కూడా దిగుతాయి. అసలు గీతలు అక్షరం కన్నా ముందువి కాబట్టి గుంత అడుగున ఉండకూడదు.

పాత రాతని పూర్తిగా అరగదీసి కొత్తది గుద్దినా, ఇనుముకి జ్ఞాపకం ఉంటుంది. పంచ్ దెబ్బకి గుంత కింద లోహం నలిగి ఉంటుంది. పైన కనిపించే లోతు కన్నా కింది దాకా ఆ నలుగుడు పోతుంది. ఫోరెన్సిక్ ల్యాబుల్లో అక్కడ తగిన యాసిడ్ రాస్తే నలిగిన లోహం మిగతాదానికన్నా వేరుగా కరిగి పాత అంకె లీలగా పైకి వస్తుంది. దొంగ బండ్లని పట్టుకోవడానికి పోలీసులు వాడే పద్ధతి ఇది. ఇంట్లో మనం చేసే పని కాదు. అమెరికాలో వాహనం గుర్తింపు నంబరుని తుడిచేయడం, మార్చడం ఫెడరల్ నేరం, ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. 'పునరుద్ధరణ కోసమే కొట్టించానండీ, అందరూ చేస్తారు' అనేవాళ్లున్నారు. నాకా మాట నచ్చదు. సఫిక్స్ మళ్లీ గుద్దించి ఆ సంగతి దాచి అమ్మితే అది పచ్చి మోసం. చెప్పి అమ్మినా, మూడో చేతికి వెళ్లేసరికి ఆ మాట మాయమవుతుంది, రాత మాత్రం మిగులుతుంది.

ఇంకో రాత గురించి తప్పక చెప్పాలి, దాన్ని చూసి చాలామంది మంచి కారుని వదులుకుంటారు. ప్యాడ్ మీద 'సీఈ' అని ఉంటే అది వారంటీ కింద షెవర్లే ఇచ్చిన బదులు ఇంజన్. 1969లో కుర్రాడొకడు కొత్త జడ్/28ని రేసుకి తీసుకెళ్లి ఇంజన్ పగలగొట్టుకుంటే డీలరు ఇలాంటి బ్లాకు వేసిచ్చేవాడు. ఆ కారు పుట్టినప్పటి ఇంజన్ ఇది కాదు, నిజమే. కానీ కారు మొదటి రోజుల చరిత్రలో భాగం, నిజాయితీగా తన పేరు తను చెప్పుకుంటున్న బ్లాకు. కొత్తగా గుద్దిన డీజడ్ కన్నా నేను సీఈని గౌరవిస్తాను.

మిగతా భాగాల సంగతి త్వరగా చెప్పేస్తాను. హెడ్ల పోత నంబరు, తేదీ వాల్వ్ కవరు కింద ఉంటాయి. ముందు కొసన ఒంటె మూపురాల్లా రెండు బొడిపెలుంటే 'క్యామెల్ హంప్' హెడ్లు అంటారు. 1969లో ఎక్కువగా కనిపించేది 3927186. ఇన్‌టేక్ మానిఫోల్డు మీద, ఎగ్జాస్ట్ మీద, డిస్ట్రిబ్యూటర్ పట్టీ మీద, ఆల్టర్నేటర్ మీద కూడా తేదీలుంటాయి. డిస్ట్రిబ్యూటర్, ఆల్టర్నేటర్ లాంటి డెల్కో కంపెనీ భాగాల మీద వరస తిరగబడి సంవత్సరం ముందు వస్తుంది, తరవాత నెల అక్షరం, తరవాత తేదీ. ఇవన్నీ విప్పి మార్చగలిగినవి కాబట్టి వీటి సాక్ష్యం బ్లాకు సాక్ష్యమంత గట్టిది కాదు.

కాగితాలున్నాయా అంటే, కెనడాలో అమ్ముడైన కార్ల రికార్డులు షెవర్లే మాతృసంస్థ జీఎం (జనరల్ మోటార్స్) కెనడా శాఖ దగ్గర దొరుకుతాయి. జీఎం వాళ్ల మరో బ్రాండు పాంటియాక్ కార్లకీ ఉన్నాయి. అమెరికాలో అమ్మిన షెవర్లేలకు ఒక్కో కారు వివరం చెప్పే ఫ్యాక్టరీ రికార్డు దొరకదు. అందుకే పాత యజమాని దగ్గర ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ ఉందేమో తప్పక అడగండి. వారంటీ పుస్తకంలో పెట్టి ఇచ్చిన చిన్న లోహపు పలక అది. 1965 నుంచి 1972 దాకా ఇచ్చారు. విన్, ఇంజన్ కోడు దాని మీద ఉబ్బెత్తుగా ఉంటాయి. ప్యాడ్‌తో అది కలిస్తే రెండు వేర్వేరు సాక్షులు ఒకే మాట చెప్పినట్టు. వాటికీ నకళ్లు చేస్తున్నారు, ఆ సంగతీ గుర్తుంచుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: రాజమండ్రిలో మా నాన్నగారి పాత అంబాసిడర్ ఉందండీ. దానికి కూడా ఇలాగే చూడొచ్చా?)

చూడొచ్చమ్మా, కానీ ఈ కోడ్లేవీ దానికి పనికిరావు. అంబాసిడర్‌లో చాలాకాలం నడిచింది బ్రిటిష్ బీఎంసీ బి-సిరీస్ వంశం, 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. ఇంగ్లండులో ఎంజీబీ స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఆ వంశమే, 1798 సీసీకి పెంచి వాడారు. ఎంజీబీలో ఇంజన్ నంబరుని బ్లాకు మీద రివెట్లతో బిగించిన రేకు మీద వేసేవాళ్లు. రేకు అనగానే మీకు అర్థమయ్యే ఉంటుంది, రివెట్లు ఊడదీస్తే రేకు ఇంకో ఇంజన్ మీదికి పోతుంది. అలాంటి చోట రివెట్లు పాతవా కొత్తవా అని చూడటమే మొదటి పని. మీ బండి విషయంలో మాత్రం ముందు ఆర్‌సీ తీయించండి. మన దగ్గర ఎన్నో పెట్రోల్ అంబాసిడర్లలో తరవాత డీజిల్ ఇంజన్లు వేయించారు, ఖర్చు కలిసొస్తుందని. ఆర్‌సీలో ఇంధనం ఏమని ఉంది, ఇంజన్ నంబరు బ్లాకు మీదున్నదాంతో కలుస్తోందా, మార్పు రాయించారా, ఇవి చూసుకోండి. 1990ల తరవాతి బండైతే ఇసుజు 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజన్ కూడా ఫ్యాక్టరీ నుంచే వచ్చి ఉండొచ్చు, అది మార్పు అనుకుని కంగారు పడకండి.

(ప్రశ్న: ప్యాడ్ మీద యాభై ఏళ్ల జిడ్డు, రంగు ఉన్నాయి. ఎలా శుభ్రం చేయాలి?)

వైర్ బ్రష్ వద్దు. డ్రిల్లుకి బిగించే వైర్ వీల్ అసలే వద్దు, బ్రోచ్ గీతలు క్షణంలో పోతాయి, తరవాత ఎంత నిజమైన రాతైనా ఎవరూ నమ్మరు. ఇసుక కాగితం కూడా తాకించకండి. బ్రేక్ క్లీనర్‌తో జిడ్డు కరిగించండి. రంగు ఉంటే పెయింట్ రిమూవర్ రాసి కాసేపు వదిలేసి ప్లాస్టిక్ బ్రష్‌తో, గుడ్డతో తుడవండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఈ రసాయనాల జోలికి వెళ్లకండి. తుడిచాక ఫోటో తీయండి, ఫ్లాష్ ఆపేసి, టార్చి ఒక పక్క నుంచి దాదాపు ప్యాడ్‌కి ఆనించినట్టు పట్టుకుని. ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి. పెన్సిల్ రుద్దుడు రాతని చూపిస్తుంది గానీ గీతల్ని అంతగా చూపించదు, ఫోటోయే మేలు. తీశాక పల్చగా నూనె రాయండి, తుప్పు పట్టకుండా.

(ప్రశ్న: నా ఇంజన్ ఓవర్‌హాల్‌కి ఇస్తున్నాను. షాపు వాళ్లు ఫేసింగ్ తప్పదంటున్నారు. ఏం చేయమంటారు?)

ముందు నిజంగా తప్పదా అని కొలిపించండి. డెక్ వంకర పోయిందా లేదా అన్నది సూటి పట్టీ, ఫీలర్ గేజ్ పెట్టి మీ ఎదుటే చూపించమనండి. అలవాటు ప్రకారం ప్రతి బ్లాకుకీ ఫేసింగ్ కొట్టే షాపులున్నాయి, వాళ్లకి ఆ ప్యాడ్ విలువ తెలియదు. తప్పదని తేలితే, హెడ్డు కూర్చునే జాగా వరకే కోసి ప్యాడ్ దాకా రాకుండా కట్టర్ ఆపమని చెప్పండి. అలా చేయగలిగినవాళ్లున్నారు, కాస్త ఎక్కువ సమయం తీసుకుంటారు, కాస్త ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి. నోటిమాటగా చెబితే సాయంత్రం షిఫ్టులో ఉన్న కుర్రాడికి అది చేరదు. పని కాగితం మీద రాయించండి, ప్యాడ్ మీద టేపు అంటించి 'కోయొద్దు' అని మార్కర్‌తో రాయండి, బ్లాకు వాళ్ల చేతికి ఇచ్చే ముందే ఇందాక చెప్పిన ఫోటోలు తీసి పెట్టుకోండి.